జన్యు ఇంజినీరింగ్: సామాన్యుడి చేతికి అందిన ప్రయోగశాల

2010లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జెన్‌స్పేస్ అనే సామూహిక ప్రయోగశాల మొదలైంది. సైన్స్ డిగ్రీ లేనివారూ అక్కడ జన్యువులతో పని నేర్చుకోవచ్చు. ఈ విద్యలో తొలి పాఠం ఎంత సులువో చూడండి. జెల్లీఫిష్ జన్యువున్న ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయాన్ని హానిలేని ఇ.కోలి బ్యాక్టీరియాతో కలిపి మంచులో ఉంచుతారు. 42 డిగ్రీల సెల్సియస్ నీటిలో నిమిషం లోపే ముంచి తీసి, మళ్లీ మంచులో పెడతారు. ఆ బ్యాక్టీరియాను పళ్లెంలో పెంచితే, మర్నాటికి అతినీలలోహిత కాంతిలో చుక్కలు చుక్కలుగా ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపునిచ్చే జీఎఫ్‌పీ ప్రోటీన్‌పై పరిశోధనకే 2008 రసాయనశాస్త్ర నోబెల్ (షిమోమురా, చాల్ఫీ, చెన్) దక్కింది. ఇంత విలువైన విద్య ఒక్క రాత్రిలో కళ్లకు కట్టేటప్పుడు, దాన్ని కొద్దిమంది గుప్పిట్లోనే ఉంచడం న్యాయం కాదు.

అందరికీ నేర్పితే ప్రమాదకర క్రిములు పుడతాయన్న భయం ఉంది. అది కొట్టిపారేయదగ్గది కాదు. అయితే జెన్‌స్పేస్ బయోసేఫ్టీ లెవల్-1 ల్యాబు. ఈ స్థాయిలో వ్యాధికారక క్రిములను ముట్టరు. అసలు ముప్పు ఎవరి కంటా పడకుండా తమ ఒంట్లోకే జన్యువులు ఎక్కించుకునేవారితో. అందుకే కాలిఫోర్నియా 2019లో చట్టం చేసి, సొంతంగా వాడరాదన్న హెచ్చరిక లేకుండా జీన్ థెరపీ కిట్లు అమ్మకూడదంది. జర్మనీలోనైతే అనుమతి ఉన్న ప్రయోగశాల బయట జన్యుమార్పిడి చేయడమే చట్టవిరుద్ధం. ఈ రెంటిలో నిషేధించకుండా హెచ్చరించే కాలిఫోర్నియా దారే మేలు: నిషేధం కుతూహలాన్ని చాటుకు నెడుతుంది, ఉమ్మడి ల్యాబు దాన్ని పదిమంది ముందుకు తెస్తుంది. మన దేశంలో పర్యావరణ పరిరక్షణ చట్టం (1986) కింద వచ్చిన 1989 నిబంధనలు జన్యు పరిశోధన చేసే సంస్థల్లో జీవభద్రతా కమిటీని తప్పనిసరి చేశాయి. పౌరుల ల్యాబులకూ అలాంటి కమిటీ పర్యవేక్షణ కల్పించవచ్చు.