వాంతులు ఆగాక జాగ్రత్త

సౌమ్యా,

ఏరియా ఆసుపత్రిలో రాత్రి క్యాజువాలిటీ కూడా నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. పాముకాటు, పురుగుమందు కేసులు నువ్వు చదువుకునే రోజుల్లోనే చాలా చూసి ఉంటావు. ఐరన్ మాత్రలు మింగిన పిల్లల గురించి మాత్రం విడిగా రాయాలనిపించింది. బలానికిచ్చిన మందే విషమవుతుందని ఇంట్లోవాళ్లకు తోచదు. అందుకే ఆలస్యంగా తెస్తారు.

గర్భిణికి ఆశా కార్యకర్త ఇచ్చిన ఎర్ర మాత్రలు కిటికీ గూట్లో ఉంటాయి. మెరిసే రంగు, పైన చక్కెర పూత. రెండేళ్ల పిల్లాడికి అవి జెమ్స్ బిళ్లలే. ఒక్కోదానిలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. పది కిలోల పిల్లాడు పది మింగితే కిలోకు 60 మిల్లీగ్రాములు పడ్డట్టే. అక్కణ్నుంచి ప్రాణాపాయం మొదలవుతుంది. కిలోకు 20 లోపయితే సాధారణంగా భయం లేదు. బజారు మాత్రలైతే పైన రాసిన బరువు కాక లోపలి అసలు ఐరన్ లెక్కవెయ్యి. ఫెర్రస్ సల్ఫేట్‌లో అది ఐదో వంతు, ఫ్యూమరేట్‌లో మూడో వంతు. ‘ఎన్ని మింగాడు?’ అంటే తల్లి చెప్పలేదు. ‘ఎన్ని ఉండేవి, ఎన్ని మిగిలాయి?’ అని అడుగు.

బడిపిల్లలనూ మరవకు. 2023లో ఊటీలో బడిపిల్లలు పందెం వేసుకుని ఈ మాత్రలు మింగితే 13 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ వయసు పిల్ల వస్తే ఇంట్లోవాళ్లను బయటికి పంపి, కావాలనే మింగిందా అని మెల్లగా అడుగు.

ఇక అసలు సంగతి. మొదటి ఆరు గంటల్లో వాంతులు, విరేచనాలు అవుతాయి, ఒక్కోసారి నెత్తురూ పడుతుంది. తర్వాత తగ్గుతాయి. పిల్లాడు తేరుకుంటాడు, పాలు తాగుతాడు, తండ్రి ఇంటికి పంపేయమంటాడు. పంపకు. ఐరన్ అప్పుడు పేగు దాటి ఒంట్లోకి చేరుతూ ఉంటుంది. కొన్ని గంటల్లో షాక్, నెత్తురులో ఆమ్లం పెరగడం, రెండు మూడు రోజులకు కాలేయం దెబ్బతినడం మొదలవుతాయి. ఆ ప్రశాంతమైన వేళలో కూడా చెయ్యి పెట్టి చూస్తే నాడి వేగంగా ఉంటుంది, కాళ్లు చేతులు చల్లగా ఉంటాయి, మూత్రం తగ్గి ఉంటుంది. మింగి ఆరు గంటలైనా ఒక్క వాంతి కూడా లేని పిల్లాడి సంగతి వేరు. పరీక్షలో అంతా బాగుంటే, పేగులోగాని కరగని పూత మాత్రలు కాకపోతే, అతణ్ని పంపవచ్చు. వాంతులు అయి ఆగినవాణ్ని అతనితో కలపకు.

ముందు సెలైన్. బొగ్గుపొడి ఐరన్‌ను పట్టుకోదు, దానితో కాలయాపన వద్దు. కడుపు ఎక్స్‌రే తీయించు. మాత్రలు కనిపిస్తే పేగు కడగాలి. కొలనోస్కోపీకి ముందు తాగించే పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణాన్ని రైల్స్ ట్యూబులోంచి, చిన్నపిల్లలకు గంటకు 500 మిల్లీలీటర్ల చొప్పున, విరేచనం తేటపడేదాకా ఇవ్వు. పేగు కదలిక ఆగినా, నెత్తురు పడుతున్నా అది చెయ్యకు. ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే మింగలేదనుకోకు. నమిలినవి, సిరప్పు కనిపించవు.

విరుగుడు డెస్ఫెరియాక్సమిన్. నాలుగు నుంచి ఆరు గంటల మధ్య తీసిన నెత్తురులో ఐరన్ డెసిలీటరుకు 500 మైక్రోగ్రాములు దాటితే ఇవ్వాలి. కానీ షాక్, మగత, ఆమ్లం కనిపిస్తే ఆ రిపోర్టు కోసం కూర్చోకు. శాంపిల్ మాత్రం ముందే తీసి ఉంచు, మందు పడ్డాక లెక్క తప్పుతుంది. కిలోకు గంటకు 15 మిల్లీగ్రాములు, నరంలోకి నెమ్మదిగా. వేగం పెంచితే బీపీ పడిపోతుంది. మూత్రం ఎర్రబారితే కంగారు పడకు. 24 గంటలు దాటించకు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గర్భిణికైనా అవసరమైతే ఇవ్వాల్సిందే. తల్లి బతికితేనే బిడ్డ.

ఈ మందు చాలా ఫార్మసీల్లో ఉండదు. తలసేమియా పిల్లలకు చికిత్స చేసేచోట ఉంటుంది. మీకు దగ్గరలో అలాంటి కేంద్రం ఎక్కడుందో, అర్ధరాత్రి అక్కడ ఫోనెవరు ఎత్తుతారో ఈ వారంలోనే కనుక్కుని డ్యూటీ గదిలో రాసి పెట్టు. మీ ఏఎన్ఎమ్‌లకు కూడా చెప్పు తల్లీ, మాత్రలిచ్చే ప్రతి ఇంట్లో వాటిని పిల్లల చేతికందని ఎత్తులో పెట్టించమని.

నీ పెద్దనాన్న