డబ్బా ముందూ వెనకా

బందరు కోనేరు సెంటర్లో నిలబడినా, గుడివాడ బస్టాండులో దిగినా ప్రకటనలే. దివిసీమ పల్లెల్లో కిరాణా కొట్టు గోడ మీదా అవే. టీవీలో సరేసరి. అన్నీ చక్కని తెలుగులో మాట్లాడతాయి.

పాలల్లో కలిపే పొడి ప్రకటన ఒకటి తలుచుకోండి. ఇద్దరు పిల్లలు ఉంటారు. ఒకడు హుషారుగా పరుగెత్తి గెలుస్తాడు. రెండోవాడు వెనకబడతాడు. వాడి తల్లి దిగులు పడుతుంది. అప్పుడు తెల్లకోటు వేసుకున్న మనిషి వచ్చి డబ్బా చూపిస్తాడు.

ఏం జరిగింది? ముందు భయం పెట్టారు. తరువాత పొడి చూపించారు. బిడ్డ వెనకబడతాడేమోనన్న దిగులు లేని తల్లి ఎవరు? ఆ తెల్లకోటు మనిషి డాక్టరో, వేషం వేసిన నటుడో మనకేం తెలుసు? డబ్బాతో గిన్నె ఊరికే అంటారు. ఆ గిన్నె డబ్బులు కంపెనీ జేబులోంచి వస్తాయా?

నాట్లకు పోయి తెచ్చిన కూలి ఆ డబ్బాకు పెడితే ఇంట్లో పప్పూ, గుడ్లూ తగ్గుతాయి. అందుకే కొనేముందు డబ్బా తిప్పి చూడాలి.

వెనక సన్నటి అక్షరాలుంటాయి. చాలావరకు ఇంగ్లీషే. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాస్తే చాలంటుంది చట్టం. కొనమనడానికి తెలుగు వచ్చింది, లోపల ఏముందో చెప్పడానికి రాలేదన్నమాట!

అయినా అంకెలు మనకు వచ్చు. హైస్కూలు పిల్లల్ని పిలిచి 'షుగర్' అన్న మాట చూపించమనండి. 100 గ్రాముల పొడిలో ఎంత చక్కెరో పక్కన ఉంటుంది. 30 అని ఉందనుకోండి. అరకిలో డబ్బాలో 150 గ్రాములు చక్కెరే! ఇంకో గుర్తు ఉంది. ఎక్కువ బరువు కలిపిన సరుకు పేరు ముందు రాయాలి. చక్కెర ఎన్నోది?

2006 ఆహార భద్రతా చట్టంలో 'హెల్త్ డ్రింక్' అన్న మాటకు అర్థమే చెప్పలేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, ఆ పేరు కింద ఈ పానీయాలు పెట్టవద్దని ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. హార్లిక్స్ కంపెనీ కూడా ఆ నెలలోనే ఆ మాట వదులుకుంది.

చంటిపిల్లల పాలడబ్బాల సంగతి వేరు. వాటికి అసలు ప్రకటనే ఇవ్వకూడదని 1992లో చట్టం చేశారు. డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ, ఆడమనిషి బొమ్మ వేయకూడదు. తల్లిపాలే మేలని దాని మీదే రాయాలి. బొమ్మకు ఎంత బలముందో చూడండి!

మన బందరు లడ్డూకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. శనగపిండి, బెల్లం, నెయ్యి. అదీ తీపే. కాని అది తింటే పిల్లలు పొడుగవుతారని ఏ మిఠాయి కొట్టాయనా చెప్పడు.

ఈ రాత్రి టీవీలో ఒక ప్రకటన చూసి ఇవి రాయండి: ఎవరు మాట్లాడారు? దేనికి భయపెట్టారు? ధర చెప్పారా? లోపల ఏముందో చెప్పారా? రాసింది పక్కింటివాళ్ళకు చదివి వినిపించండి.