నైట్ షిఫ్ట్‌లో 1-0-1 అంటే ఏ పూట?

షుగర్‌కి డాక్టరు గారు చీటీ మీద 1-0-1 అని రాస్తారు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. సాయంత్రం ఆరింటికి లాగిన్ అయి తెల్లవారుజామున మూడింటికి క్యాబ్ ఎక్కేవాళ్లకు ఉదయం ఎప్పుడు? పన్నెండింటికి లేచి కాఫీ తాగే వేళా? ఆయన అడగలేదు, మనమూ చెప్పలేదు. పదిహేనేళ్లుగా నాకూ షుగర్ ఉంది. అందులో ఎనిమిదేళ్లు నైట్ షిఫ్టులే చేశాను. ఆఫీసులో చూసిన షుగర్ గొడవల్లో చాలావరకు ఇక్కడే మొదలయ్యాయి.

మా టీమ్‌లో ఒకతను ప్రొడక్షన్ సపోర్ట్ చూసేవాడు. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడేవాడు. భోజనానికి ముందు వేసుకోవాలని తొమ్మిదింటికి వేసుకున్నాడు. అంతలోనే సర్వర్ పడిపోయింది. బ్రిడ్జ్ కాల్ పదిన్నర దాటినా తెగలేదు. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, స్క్రీన్ మీద అక్షరాలు మసక. కాల్ వదిలి లేవలేక కేకు, కూల్‌డ్రింకు, బిస్కెట్లు, చేతికి అందినవన్నీ తినేశాడు. ఒంటిగంటకు మీటర్‌లో 290 చూపించింది. మాత్ర పనిచేయడం లేదనుకుని ఇంకోటి వేసుకున్నాడు. ఇంటికి వెళ్తుంటే క్యాబ్‌లో స్పృహ తప్పింది. డ్రైవర్ నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లబట్టి బతికి బయటపడ్డాడు.

మాత్ర బాగానే పనిచేసింది. వేళకు తిండి పడలేదు, అంతే. షుగర్ పడిపోయిన కంగారులో తిన్నదంతా కలిసి 290 అయింది.

కాబట్టి పెద్ద నంబర్ కనబడగానే చేతిని మాత్రల డబ్బా దగ్గరికి పోనివ్వకండి. ముందు గత ఆరేడు గంటలు వెనక్కి చూసుకోండి. ఎప్పుడు తిన్నారు, ఏం తిన్నారు, మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, మానేశారా, నిద్ర ఎంత, జ్వరం ఉందా, నడుంనొప్పికో ఆయాసానికో స్టెరాయిడ్ ఏమైనా ఇచ్చారా. వేలికి అరటిపండు జిగురు అంటుకుని ఉన్నా మీటర్ ఎక్కువ చూపిస్తుంది. చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకుని మళ్లీ చూడండి. కారణం తెలియకుండా డోసు పెంచుకోవడం, భోజనం మానేయడం, ఈ రెండు పనులూ ప్రమాదంలో పడేస్తాయి.

మామూలుగా డాక్టర్లు పెట్టే లక్ష్యం పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు. వయసును బట్టి, ఇతర జబ్బులను బట్టి ఇది మారుతుంది. ఒకరోజు 220 వచ్చిందని భయపడకండి. అదే పనిగా 250 దాటుతుంటే మాత్రం ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి, నీళ్లు బాగా తాగండి. దానికి తోడు వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా లోతైన ఊపిరి, మగత ఉంటే ప్రాజెక్టు డెలివరీ డేట్ సంగతి పక్కనపెట్టి క్యాజువాలిటీకి వెళ్లాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు నంబర్ అంత ఎక్కువ లేకపోయినా ఒంట్లో కీటోన్లు పెరిగే ప్రమాదం ఉంది. తిండి లేనప్పుడు, వాంతులవుతున్నప్పుడు ఆ మాత్ర ఆపాలో వద్దో ముందే అడిగి రాసి పెట్టుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు జ్వరమొచ్చి తినలేకపోతున్నామని సొంతంగా మానేయకూడదు.

మీ మందుల్లో షుగర్‌ను బాగా దించేసేవి ఏవో కూడా తెలిసి ఉండాలి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ ఆ కోవలోవి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే అలా పడిపోవడం అరుదు. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు లేదా పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. కేకు, చాక్లెట్ వద్దు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలో కలవడం ఆలస్యమవుతుంది. గ్లూకోజు ప్యాకెట్ ఎక్కడుందో పక్క సీటు మనిషికి చెప్పి ఉంచండి. స్పృహ లేనప్పుడు నోట్లో ఏమీ పోయకుండా 108 కి ఫోన్ చేయాలని కూడా చెప్పండి.

మా వాడు ఆ తర్వాత ఒక వారం రోజులు ప్రతి భోజనం వేళ, మాత్ర వేళ, నిద్ర వేళ, నాలుగేసి రీడింగులు ఒక కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టాడు. అది చూసి ఆయన మందే మార్చారు. ఇప్పుడు చీటీ మీద పూటలు లేవు. లేచాక మొదటి భోజనంతో ఒకటి, ఆఫీసులో పళ్లెం ముందుకొచ్చాక ఒకటి అని ఉంది. మీరూ అలాగే రాసి, రొటేషన్ షిఫ్టులైతే ఏ వారం ఏ షిఫ్టో కూడా డాక్టరుకు చూపించండి.

క్యాంటీన్ సంగతి చెప్పాలంటే, అన్నం మానేశానంటూ నాలుగు చపాతీలు తినేవాళ్లే ఎక్కువ. పిండిపదార్థం లెక్కలో పెద్ద తేడా ఉండదు. రాగి జావ గ్లాసుల కొద్దీ తాగినా అంతే. కూర, పప్పు ముందు తిని, అన్నం తర్వాత, కొలతగా తినండి. మెషిన్ కాఫీ పొడిలో చాలాచోట్ల పంచదార ముందే కలిపి ఉంటుంది. షిఫ్టులో ఐదు కప్పులు తాగేవాళ్లు ఆ లెక్క వేసుకోవాలి. తిన్నాక పది పదిహేను నిమిషాలు కారిడార్‌లో నడిస్తే మీటర్‌లోనే తేడా తెలుస్తుంది. ఫోన్ కాల్ ఉంటే నడుస్తూనే మాట్లాడండి.

ఫీల్డ్ ఉద్యోగులు ఇన్సులిన్ పెన్‌ను బైక్ డిక్కీలో పెట్టకండి. మే నెల ఎండలో అది పాడైపోయి, డోసు తప్పకపోయినా షుగర్ పెరుగుతుంది. వాడుతున్న పెన్ 30 డిగ్రీల లోపు ఉండాలి. కొత్తవి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రీజర్‌కు దూరంగా పెట్టాలి.

మేనేజర్‌కి చెప్పాలా వద్దా అని చాలామంది అప్రైజల్ భయంతో నలిగిపోతారు. జబ్బు కథంతా అక్కర్లేదు. తొమ్మిదిన్నరకు ఇరవై నిమిషాల బ్రేక్ కావాలి, ఆ సమయంలో కాల్ నడుస్తుంటే బ్యాకప్ ఫలానా అతను, ఇంతే చెప్పండి. అడిగిన తీరులో పనికి అడ్డు లేదని కనిపిస్తే ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే మెయిల్‌లో పెట్టండి.

ఉద్యోగం మారేవాళ్లకు ఒక జాగ్రత్త. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. సొంత పాలసీ తీసుకుంటే షుగర్ ఉందని దాచకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ కొట్టేయడానికి బీమా కంపెనీ చేతికి కారణం ఇచ్చినట్టే. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠ పరిమితిని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 36 నెలలకు తగ్గించింది. ఆ మూడేళ్ల లెక్క పాలసీ తీసుకున్న రోజు నుంచే కాబట్టి, రాజీనామా ఆలోచన లేనప్పుడే మొదలుపెట్టడం మంచిది.