జర్మనీ ఇంటి బైబులు – కొయ్య అచ్చు బొమ్మలు



బడి నుండి ఇంటికి వచ్చిన పిల్లవాడు సంచి కింద పెడుతూనే అడుగుతాడు: "అమ్మా, కతోలికులు బైబులు చదవరట కదా! లూథరు వచ్చేదాకా మన శ్రీసభ బైబులును దాచిపెట్టిందట కదా!" తోటి విద్యార్థి అన్న మాట అది. ఏమి చెప్పాలో తోచక తల్లి, "అలాంటి మాటలు పట్టించుకోకు" అని ఊరుకుంటుంది. తండ్రి విననట్లే ఉంటాడు. ఇది మన విచారణలలో ఎన్నో ఇళ్ళలో జరిగేదే. ఈ వారం ఆ పిల్లవాని ప్రశ్నకు ఒక పాత పుస్తకంలో జవాబు వెదుకుదాం. అయితే ఆ పుస్తకం తిరిగి మనలను కూడా ఒక ప్రశ్న అడుగుతుంది. దానికి సిద్ధపడి చదవండి.

లూథరు పుట్టిన సంవత్సరంలోనే

జర్మనీలోని నూరెంబెర్గు నగరంలో ఆంటన్ కోబెర్గర్ అనే గొప్ప ముద్రాపకుడు ఉండేవాడు. ఆయన 1483 ఫిబ్రవరి 17న జర్మను భాషలో సంపూర్ణ బైబులు ముద్రణను ముగించాడు. రెండు పెద్ద సంపుటాలు, వాటిలో 109 బొమ్మలు. మార్టిన్ లూథరు పుట్టినది అదే సంవత్సరం నవంబరు 10న అని చరిత్రకారులు చెబుతారు. అంటే లూథరు ఇంకా తల్లి ఒడిలోకి రాకముందే, ఆయన మాతృభాషలో బొమ్మలతో కూడిన బైబులు అంగడిలో ఉన్నది!

అదీ మొదటిది కాదు. గూటెన్‌బర్గు మైంజు నగరంలో లతీను బైబులును అచ్చు వేసింది 1455 ప్రాంతంలో. కొద్ది సంవత్సరాలకే, 1466లో, స్ట్రాస్‌బర్గులో మెంటెలిన్ అనే ఆయన మొదటి జర్మను బైబులును ముద్రించాడు. అప్పటి నుండి 1522లో లూథరు నూతన నిబంధన వెలువడేవరకు, ఎగువ జర్మను భాషలో 14, ఉత్తర ప్రాంతపు దిగువ జర్మనులో 4, మొత్తం 18 సంపూర్ణ బైబుళ్ళు వచ్చాయి. ఆ 14లో కోబెర్గరుది తొమ్మిదవది. తోబీతు, యూదితు, మక్కబీయుల గ్రంథాలు కూడా అందులో ఉన్నాయి.

అయితే సత్యాన్ని సగమే చెప్పకూడదు. ఆ అనువాదాలు హెబ్రీ, గ్రీకు మూలాల నుండి కాక లతీను నుండి వచ్చినవి. మాటలు చాలా చోట్ల బిగుసుగా ఉండి సామాన్యునికి అందేవి కావు. వెల కూడా పేదవాడు భరించగలిగినది కాదు. పైగా 1480ల నడుమ మైంజు అగ్రపీఠాధిపతి బెర్తోల్డు, ముందుగా పరిశీలింపజేయకుండా మతగ్రంథాలను జర్మనులోకి అనువదించి అమ్మరాదని ఆజ్ఞ ఇచ్చారు. తప్పుడు అర్థాలు వ్యాపిస్తాయన్న భయం అది. కాబట్టి "శ్రీసభ బైబులును దాచిపెట్టింది" అన్న మాట నిజం కాదు. "అందరి చేతుల్లోనూ పెట్టింది" అని మనం గొప్పలు చెప్పుకున్నా నిజం కాదు. పిల్లవానికి ఈ రెండూ చెప్పాలి. నిజం చెప్పినందువల్ల విశ్వాసం చిన్నబోదు.

కొయ్యపై చెక్కిన పాఠం

ఆ బొమ్మలు ఎలా తయారయ్యేవి? మన కృష్ణా జిల్లా పెడనలో బట్టలపై అద్దకం వేసే కొయ్య అచ్చులను చూసినవారికి ఇది సులభంగా తెలుస్తుంది. నునుపు చేసిన చెక్కపై చిత్రకారుడు బొమ్మ గీస్తాడు. గీతలు మాత్రం మిగిలేటట్లు, తక్కిన కొయ్యనంతా చెక్కుడు పనివాడు కత్తితో తొలగిస్తాడు. మిగిలిన గీతలకు సిరా పూసి కాగితంపై ఒత్తుతారు. కాగితంపై బొమ్మ కుడి ఎడమలు తారుమారై పడుతుంది గనుక చెక్కపై దాన్ని తిరగవేసి గీయాలి.

దీనిలో ఒక సౌకర్యం ఉన్నది. చెక్క ఎత్తు, సీసపు అక్షరాల ఎత్తు సమానంగా ఉంచితే, రెంటినీ ఒకే చట్రంలో బిగించి ఒకేసారి అచ్చు వేయవచ్చు. అందువల్లనే దేవుని వాక్యమూ, దాని బొమ్మా ఒకే పుటలో పక్కపక్కన నిలిచాయి. చెక్కలు త్వరగా పాడుకావు కూడా. కోబెర్గర్ వాడిన చెక్కలు ఆయన చేయించినవి కావు. 1478 ప్రాంతంలో కొలోను నగరంలో ముద్రించిన బైబులు కోసం చెక్కినవి. ఒక ఊరి చెక్కలు మరో ఊరి పుస్తకంలో మళ్ళీ పలికాయన్నమాట. చాలా ప్రతులలో ఆ బొమ్మలకు చేతితో రంగులు వేశారు.

చదువురాని వారికి బొమ్మే పుస్తకం అన్న భావం శ్రీసభకు కొత్తది కాదు. 600వ సంవత్సరం ప్రాంతంలో మార్సెయి పీఠాధిపతి సెరేనుసు, జనం ఆరాధిస్తారేమోనన్న భయంతో దేవాలయంలోని చిత్రాలను పగులగొట్టించినప్పుడు, జగద్గురువు పునీత గ్రెగోరి ఆయనను మందలించారు. చిత్రాలను ఆరాధించనీయకపోవడం మంచిదే కాని, అక్షరం రానివారు వాటిని చూచి నేర్చుకుంటారు గనుక పగులగొట్టడం తగదని ఆయన వ్రాశారు.

మూడు బొమ్మలు, మూడు పాఠాలు

మొదటిది నోవా ఓడ. కోబెర్గర్ బైబులులో ఓడ చుట్టూ నీళ్ళలో జలకన్యలు ఈదుతుంటారు! ఆదికాండములో జలకన్యలు ఎక్కడున్నారు? లేరు. వారు చెక్కినవారి ఊహలో నుండి వచ్చారు. బొమ్మ వాక్యానికి సేవకురాలే గాని యజమానురాలు కాదు అనేది మొదటి పాఠం. నేడు మనం టీవీలో, సినిమాలో చూసే బైబులు కథలకు కూడా ఇది వర్తిస్తుంది. చూచిన తర్వాత గ్రంథం తెరచి, "ఇది నిజంగా ఇక్కడ ఉన్నదా?" అని పిల్లలచేత వెదికించాలి.

రెండవది మోషే. ఆ కాలపు చిత్రాలలో మోషే తలపై తరచుగా రెండు కొమ్ములు కనిపిస్తాయి. రోములో మైకెలాంజెలో చెక్కిన మోషే శిల్పానికీ ఉన్నాయి. సీనాయి కొండ దిగి వచ్చిన మోషే ముఖం ప్రకాశించిందని నిర్గమకాండము 34వ అధ్యాయం చెబుతున్నది. అక్కడి హెబ్రీ క్రియకూ, కొమ్ము అనే పదానికీ మూలం ఒక్కటే. పునీత జెరోము లతీనులో కొమ్ములనే అర్థం వచ్చేలా అనువదించారు. చిత్రకారులు దానినే గీశారు. ఒక్క మాట అర్థం మారితే తరతరాల బొమ్మలు మారిపోయాయి. బైబులును సొంత తోపుడుతో కాక, శ్రీసభతో కలిసి, అధస్సూచికల సహాయంతో చదవాలని గురువులు ఎందుకు చెబుతారో దీనివల్ల తెలుస్తుంది.

మూడవది దర్శన గ్రంథములోని నలుగురు గుర్రపు రౌతులు. నూరెంబెర్గు వాసియైన ఆల్బ్రెక్టు డ్యూరరుకు కోబెర్గరే జ్ఞానతండ్రి. జ్ఞానతండ్రి ముద్రించిన బైబులు బొమ్మలను చూచి పెరిగిన ఆ జ్ఞానపుత్రుడు 1498లో దర్శన గ్రంథాన్ని 15 కొయ్య అచ్చు బొమ్మలతో తానే ప్రచురించాడు. పాత బొమ్మల అమరికను తీసుకొని వాటికి ప్రాణం పోశాడు. రౌతులు నలుగురూ పక్కపక్కన దూసుకొస్తుంటే, బక్కచిక్కిన గుర్రంపై మృత్యువు వస్తుంటే, కిరీటం పెట్టుకొన్నవాడు సైతం నరకపు నోటిలో పడుతుంటాడు. 1500వ సంవత్సరం దగ్గరపడిందని, లోకాంతం వచ్చేస్తున్నదని చాలామంది వణికిన రోజులవి. లోకం అంతం కాలేదు. తేదీలు చెప్పి భయపెట్టేవారు నేటికీ ఉన్నారు. ఆ ముద్రలను విప్పేది గొఱ్ఱెపిల్ల అయిన క్రీస్తుప్రభువే అని గుర్తుంచుకొంటే ఆ భయం ఉండదు.

ఇంటి గ్రంథంగా మారిన వైనం

1534లో విట్టెన్‌బర్గులో లూథరు సంపూర్ణ బైబులు వెలువడింది. అదే సంవత్సరం మైంజులో దోమినికు సభ గురువు యోహాను డీటెన్‌బెర్గర్ కతోలికుల కొరకు సంపూర్ణ జర్మను బైబులును వెలువరించారు. దానిలోనూ కొయ్య అచ్చు బొమ్మలున్నాయి. తరువాతి తరాలలో సవరణలు పొందుతూ ఆ అనువాదం చాలాకాలం కతోలిక గృహాలలో నిలిచింది. ఇంకొక విశేషం. 1527లో డ్రెస్డెనులో ఎంసర్ అనే గురువు కతోలిక నూతన నిబంధనను ప్రచురించినప్పుడు, దర్శన గ్రంథానికి వాడిన బొమ్మలు లూథరు స్నేహితుడైన క్రానాకు గీసినవే! పెద్దలు వాదించుకుంటున్నా, ఇరువైపుల ఇళ్ళలోని పిల్లలు ఒకే బొమ్మలు చూస్తూ పెరిగారు. బడిలో ఆ మాట అన్న స్నేహితునితో మన పిల్లవాడు పోట్లాడనక్కరలేదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ఇలాంటి పాత జర్మను బైబుళ్ళను తెరచినప్పుడు మనసును తాకేవి బొమ్మలు మాత్రమే కావు. అట్టకు ముందూ వెనుకా ఉన్న తెల్లకాగితాలపై ఇంటివారు చేతివ్రాతతో వివాహాలు, బిడ్డల జననాలు, జ్ఞానస్నానాలు, మరణాలు వ్రాసుకొనేవారు. తాత చేతివ్రాత, దాని కింద తండ్రిది, దాని కింద కొడుకుది. కొన్నిటిలో ఒక బిడ్డ పుట్టిన తేదీకి కొద్ది వరసల కిందనే ఆ బిడ్డ మరణించిన తేదీ ఉంటుంది. ఏ గ్రంథంలో మత్తయి సువిశేషకుడు ప్రభువు వంశావళిని వ్రాశాడో, ఆ గ్రంథంలోనే తమ వంశావళినీ వ్రాసుకొన్నారు. తమ ఇంటి సంతోషమూ కన్నీరూ రక్షణ చరిత్రలో భాగమేనని ఏ వేదాంత పండితుడూ చెప్పకుండానే ఆ తల్లిదండ్రులు గ్రహించారు.

ఇక మన ఇంటి సంగతి

ఇప్పుడు ఆ పుస్తకం మనలను అడిగే ప్రశ్న: "నన్ను కొనడం అందరికీ సాధ్యం కాని రోజుల్లో, అక్షరం రానివారు సైతం నా బొమ్మలలో దేవుని కథను చదువుకొన్నారు. ఈనాడు మీ భాషలో, మీరు కొనగలిగిన వెలకు బైబులు దొరుకుతున్నది. అది మీ ఇంట ఎక్కడున్నది?"

వివాహం రోజున బహుమానంగా వచ్చి, పాలిథిన్ కవరు కూడా తీయకుండా అద్దాల బీరువాలో ఉన్న బైబుళ్ళు మన మధ్య లేవా? 1965లో ద్వితీయ వాటికన్ మహాసభ, విశ్వాసులందరికీ పవిత్ర గ్రంథం ధారాళంగా అందుబాటులో ఉండాలని బోధించింది. 2019లో జగద్గురువు ఫ్రాన్సిసు, సామాన్య కాలపు మూడవ ఆదివారాన్ని దేవుని వాక్య ఆదివారంగా ఏర్పాటు చేశారు. శ్రీసభ తలుపు తెరచింది. బీరువా తలుపు తెరవవలసినది మనం. కతోలికులు బైబులు చదవరన్న నిందకు నూరెంబెర్గు గ్రంథం పాత జవాబు మాత్రమే. కొత్త జవాబు మన ఇంటి బల్లపై తెరచి ఉన్న బైబులే. అది మూసి ఉన్నంతకాలం, 1483 సంగతి ఎంత చెప్పినా పిల్లవాడు నమ్మడు.

ఈ వారం ఇంట చేయవలసినవి:

1. ఒక సాయంత్రం జపమాల తరువాత ఆదికాండము 6 నుండి 9 అధ్యాయాలలో నోవా కథను వంతులవారీగా చదవండి. పిల్లలచేత బొమ్మ గీయించండి. గీసినదానిలో గ్రంథంలో ఉన్నదేది, ఊహించినదేది అని కలిసి మాట్లాడుకోండి.

2. చదువురాని అవ్వాతాతలు ఇంట ఉంటే వారిని పక్కన కూర్చోబెట్టుకొని మనుమలచేత చదివించండి. పూర్వం ఉపదేశిగారి నోట విన్న కథలను వారిచేత చెప్పించండి.

3. మీ బైబులు మొదటి తెల్లకాగితంపై మీ వివాహ తేదీ, బిడ్డల జ్ఞానస్నానం, నూతన సత్ప్రసాద స్వీకరణ తేదీలు, గతించిన పెద్దల పేర్లు వ్రాయండి. మరణించినవారి తేదీ వచ్చినప్పుడు ఆ పుట తెరచి వారి ఆత్మల కొరకు ప్రార్థించండి.

ప్రార్థన: ప్రభువా, చెక్కుడు పనివాని కత్తి కొయ్యపై నీ కథను నిలిపినట్లు, నీ వాక్యం మా హృదయాలపై నిలిచిపోవును గాక. మా ఇంటివారి పేర్లను నీ జీవగ్రంథంలో వ్రాయుము. ఆమెన్.