వైద్య రచనలో ఆధారాల సూచన

వైద్యశాస్త్రంలో ఏ మాటకైనా విలువ దానికి గల ఆధారాన్ని బట్టి ఏర్పడుతుంది. “ఈ ఔషధం మేలు చేస్తుంది” అని వ్రాసినవారు, ఆ సంగతిని ఎవరు, ఎందరు రోగులలో, ఎట్టి పరిస్థితులలో పరిశీలించి చెప్పారో చూపవలసి ఉంటుంది. అట్లు చూపుటయే ఉల్లేఖనం. వ్యాసం మధ్యలో వేసే చిన్న అంకె, చివర ఆ అంకెకు ఎదురుగా ఉండే వివరం, ఈ రెండూ కలిసి పాఠకుని మూలం వద్దకు చేర్చే బాట అవుతాయి. విద్యార్థులలో పలువురు దీనిని కేవలం ముద్రణకు సంబంధించిన అలంకారంగా భావించి, వ్రాతప్రతి సిద్ధమైన పిమ్మట తొందరలో ముగిస్తుంటారు. ఈ విషయంలోని ముఖ్య నియమాలను, వాటి వెనుక గల కారణాలను వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

ఏకరూప పద్ధతి

పూర్వం ఒక్కొక్క వైద్య పత్రిక ఒక్కొక్క తీరును కోరుతూ ఉండేది. ఒక పత్రిక తిరస్కరించిన వ్యాసాన్ని మరొక పత్రికకు పంపదలచిన రచయిత ఆధారసూచిని మొదటినుండి తిరిగి టైపు చేయించవలసి వచ్చేది. 1978 జనవరిలో కొన్ని ఆంగ్ల వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్ నగరంలో సమావేశమై వ్రాతప్రతులకు ఏకరూప నియమాలను ఏర్పరచారు. 1979లో అవి ప్రకటితమైనవి. ఆధారాల రూపాన్ని అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం తీర్చిదిద్దింది. ఆ బృందమే తరువాత అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదక సంఘంగా విస్తరించింది. ఈ తీరుకు వాంకూవర్ పద్ధతి అనే పేరు నిలిచిపోయింది.

ముఖ్య నియమాలు

మొదటిది: ఆధారాలకు అకారాది క్రమం కాక, వ్యాసంలో మొదట ప్రస్తావనకు వచ్చిన క్రమంలోనే అంకెలు వేయాలి. ఒకసారి 4 అన్న అంకె పొందిన ఆధారం, పదిసార్లు తిరిగి వచ్చినా 4 గానే ఉంటుంది. పట్టికలలో మాత్రమే వచ్చే ఆధారాలకు, ఆ పట్టిక వ్యాసంలో మొదట పేర్కొనబడిన చోటును బట్టి అంకె వస్తుంది.

రెండవది: వివరాల వరుస. రచయిత ఇంటిపేరు, పొడి అక్షరాలు, వ్యాస శీర్షిక, పత్రిక పేరు సంక్షిప్తంగా, సంవత్సరం, సంపుటం, సంచిక, పుటలు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా పాఠకుడు గ్రంథాలయంలో దారి తప్పుతాడు. రచయితలు ఆరుగురికి మించినచో మొదటి ఆరుగురి పేర్లు వ్రాసి “తదితరులు” అని సూచించుట వాడుక. కొన్ని పత్రికలు ముగ్గురితోనే ఆపుతాయి. కావున పంపదలచిన పత్రిక సూచనలను ముందుగా చదవాలి.

ఒక ఉదాహరణ చూడండి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, సైరస్ ఫిస్కే గారు కలిసి భాస్వరాన్ని కొలిచే విధానంపై వ్రాసిన ప్రసిద్ధ వ్యాసం ఆధారసూచిలో ఇట్లుంటుంది: ఫిస్కే సిహెచ్, సుబ్బారౌ వై. ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66(2):375–400. పొడి అక్షరాల తరువాత చుక్క లేకపోవుట, సంవత్సరం తరువాత అర్ధవిరామం, పుటలకు ముందు రెండు చుక్కలు ఉండుట గమనించదగినవి.

ఇందులో మరొక పాఠమున్నది. యల్లాప్రగడ అనునది ఇంటిపేరు గదా అని దానిని ముందు వేసి వెదకినచో ఈ వ్యాసం దొరకదు. మూలంలో పేరు ఎట్లు అచ్చయినదో అట్లే వ్రాయాలి. తెలుగువారి ఇంటిపేర్లు మొదట వస్తాయి. ముస్లిం కుటుంబాలలో మూడు నాలుగు భాగాలుగల పేరులో ఏదీ వంశనామం కాకపోవచ్చు. కావున మన విద్యార్థులు తమ తొలి వ్యాసం నాడే పేరుకు ఒక రూపాన్ని నిశ్చయించుకొని, ఆజన్మాంతం దానినే వాడుట మేలు. 2012 నుండి పరిశోధకులకు ఉచితంగా లభిస్తున్న ఆర్కిడ్ అనే 16 స్థానాల గుర్తింపు సంఖ్య కూడా ఈ చిక్కును తీరుస్తుంది.

మూడవది: రచయిత స్వయంగా చదివిన మూలాన్నే పేర్కొనాలి. ఇది నియమాలన్నింటికీ ప్రాణం.

మూలం చదువకుంటే

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో మలేరియా రహస్యాన్ని కనుగొన్నారని మనమందరం చదివినదే. అదే ఏడు డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఆయన వ్యాస శీర్షికలో ఉన్నది మాత్రం, మలేరియా రక్తం త్రాగిన రెండు దోమలలో కనిపించిన విచిత్ర వర్ణకణాలు అన్నంతే. మూలం ఎంత జాగ్రత్తగా మాట్లాడుతుందో చూడండి. పరాన్నజీవి పూర్తి ప్రయాణాన్ని ఆయన పక్షులలో నిరూపించినది 1898లో, కలకత్తాలో.

ఈ జాగ్రత్త లోపించిన చోట ఏమగునో మరొక ఉదంతం చెబుతుంది. 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్టర్, జిక్ అనువారు ఐదు వాక్యాల లేఖ ఒకటి ప్రకటించారు. ఆసుపత్రిలో ఉండి మత్తుమందుతో కూడిన నొప్పినివారణలు పొందిన 11,882 మంది రోగులలో, పూర్వం వ్యసన చరిత్ర లేనివారిలో నలుగురికి మాత్రమే వ్యసనం ఏర్పడినట్లు కనిపించిందని దాని సారాంశం. ఇంటివద్ద దీర్ఘకాలం ఆ మందులు వాడేవారి సంగతి అందులో లేదు. అయినను తరువాతి రచయితలు దానిని సాధారణ నియమంగా ఉల్లేఖించారు. 2017లో అదే పత్రికలో వెలువడిన పరిశీలన ప్రకారం ఈ లేఖకు 608 ఉల్లేఖనాలు కనిపించగా, వాటిలో 439 వ్యసనం అరుదు అనుటకు దీనినే సాక్ష్యంగా చూపాయి. 491 రచనలు ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న మాటను విడిచిపెట్టాయి. ఆ మందుల విచ్చలవిడి వాడకం అమెరికాలో లక్షల ప్రాణాలను బలిగొన్నది. దానికి కారణాలు పెక్కు. మూలం చూడక సాగిన ఈ ఉల్లేఖనం వాటిలో ఒకటి. ఆ 491 రచనలలోను సంపుటం, పుట సరిగానే ఉండవచ్చు. రూపం సరియైనంత మాత్రాన సాక్ష్యం సరి కాదని దీనివలన తేలుతున్నది.

నేటి సౌకర్యాలు, నేటి ప్రమాదాలు

1879లో జాన్ షా బిల్లింగ్స్ ప్రారంభించిన ఇండెక్స్ మెడికస్ సంపుటాలను తిరగవేయు శ్రమ నేటివారికి లేదు. 2004తో దాని ముద్రణ ఆగిపోయింది. పబ్‌మెడ్ ద్వారా ఎవరైనా ఉచితంగా వెదకవచ్చు. ఆధారాలను తామే అమర్చే కంప్యూటర్ ప్రోగ్రాములున్నవి. అయితే తప్పుగా ఎక్కించిన వివరాన్ని అవి తప్పుగానే అందంగా అమర్చుతాయి. ఇక కృత్రిమ మేధ యంత్రాలు లోకంలో లేని వ్యాసానికి సైతం రచయితను, పత్రికను, పుటలను కల్పించి ఇవ్వగలవు. కావున ప్రతి ఆధారాన్ని మూలంతో సరిచూడాలి. ఆ వ్యాసాన్ని పత్రిక ఉపసంహరించుకొన్నదేమో కూడా విచారించాలి.

విద్యార్థులారా! ఆధారసూచిలోని ప్రతి అంకె, “ఈ మూలాన్ని నేను చూచితిని, అది ఈ మాటే చెప్పుచున్నది” అని మీరిచ్చే వాఙ్మూలం. ఆ మాటను నమ్మి ఎక్కడో ఒక వైద్యుడు ఒక రోగికి మందు వ్రాస్తాడు. చుక్కలు, విరామాలు శ్రద్ధగా పెట్టండి. అంతకు రెట్టింపు శ్రద్ధతో మూలం చదవండి.