ముందుచూపు

విద్యార్థికి పట్టుదల యెంత అవసరమో, ముందుచూపును అంత అవసరము.

సుప్రసిద్ధ సంఖ్యాశాస్త్రజ్ఞులు కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920లో జన్మించిరి. విశాఖపట్టణమున పాఠశాల చదువు ముగించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము నభ్యసించిరి. బాల్యమున తల్లి లక్ష్మీకాంతమ్మ ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకే వారిని లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించెడిది.

ఆయన ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైరి. అయినను, పరిశోధనకై ఉపకారవేతనము కోరుచు పంపిన దరఖాస్తు గడువు దాటి చేరినందున తిరస్కరింపబడెను. ఉద్యోగమునకై కలకత్తా వెళ్ళిరి, అదియు లభింపలేదు. అచ్చట భారత గణాంక సంస్థ అనుకొనకుండ వారి కంటబడెను. 1941లో అందు చేరి సంఖ్యాశాస్త్రమును సాధించిరి. ఆ పాండిత్యమే 1946లో వారిని కేంబ్రిడ్జికి కొనిపోయెను. అచ్చట 1948లో డాక్టరేటు పొందిరి. 2023లో, 102 ఏండ్ల వయస్సున, అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము వారిని వరించెను. ఆ సంవత్సరమే వారు దివంగతులైరి.

బాలబాలికలారా! దీపము చెంత నేర్చిన చదువు వ్యర్థము కాలేదు. కాని గడువు అంతటి మేధావి కొరకును ఆగలేదు. దారి తప్పినను మరియొక దారి దొరకు అదృష్టము అందరికి కలుగదు.

విదేశములలో చదువగోరువారు ఇప్పుడే మేలుకొనవలెను. అమెరికాలోని పెక్కు విశ్వవిద్యాలయములు తొమ్మిదవ తరగతి మొదలు మార్కులను పరిశీలించును. కేంబ్రిడ్జిలో చేరగోరువారు ముందటి యేటి అక్టోబరులోనే దరఖాస్తు పంపవలెను. కావున మార్కుల పత్రములను భద్రపరచుడు. ఉపకారవేతనముల వివరములను, గడువు తేదీలను తెలిసికొని వ్రాసియుంచుడు.

ఓడ కదలునాడు మూట కట్టుకొనువాడు రేవుననే మిగిలిపోవును.