మెట్రో దగ్గర రూమ్ వెతుకుతున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ 4 చెక్స్ చేయండి

ఫోన్ కొనేటప్పుడు ఎంఏహెచ్ ఒక్కటే చూసి డిసైడ్ అవ్వం కదా, స్క్రీన్ ఆన్ టైమ్ ఎంత వస్తుందో కూడా చూస్తాం. రూమ్‌కీ అంతే. మెట్రో ఎన్ని కిలోమీటర్లు అన్నది కాదు, గడప దాటిన దగ్గర్నుంచి ఆఫీస్ సీట్లో కూర్చునే వరకు ఎంత టైమ్ పడుతుందన్నదే అసలు లెక్క.

నేనిది లేట్‌గా నేర్చుకున్నా. 2024లో ఫస్ట్ జాబ్, ఆఫీస్ రాయదుర్గంలో. ఛత్రినాకలో 6,500కి పోర్షన్ దొరికింది. "మెట్రో వస్తది బాబూ, శంకుస్థాపన కూడా అయింది" అన్నారు ఓనర్ అంకుల్. నిజమే, ఆ మార్చి 8న ఫలక్‌నుమాలో అయింది. అడ్వాన్స్ ఇచ్చేశా. ఒక్క నెలలో ఆరుసార్లు లేట్. ప్రొబేషన్‌లోనే వార్నింగ్ మెయిల్!

చెక్ 1: నడుస్తున్న స్టేషన్‌నే లెక్కేయండి. గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి అక్కడే ఆగింది. చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల లైన్ నేను దిగేనాటికి ఇంకా ప్లానే.

చెక్ 2: మీరు బయల్దేరే టైమ్‌కి చూడండి. నేను ఆదివారం రాత్రి చూస్తే ఎంజీబీఎస్‌కి 15 నిమిషాలు. సోమవారం ఎనిమిదిన్నరకి శాలిబండ, చార్మినార్ దాటేసరికి 40. గూగుల్ మ్యాప్స్‌లో 'అరైవ్ బై' పెట్టి, వర్కింగ్ డే సెలెక్ట్ చేయండి. లాల్‌దర్వాజ బోనాలప్పుడైతే ఇక చెప్పక్కర్లేదు.

చెక్ 3: లైన్ ఎన్నిసార్లు మారాలి? నాకు ఎంజీబీఎస్‌లో రెడ్ లైన్, అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్. రష్‌లో మారడానికి పది నిమిషాలు ఎక్స్‌ట్రా వేసుకోండి.

చెక్ 4: రెంట్‌కి ఆటో ఖర్చు కలపండి. రోజుకి 160, నెలకి 22 రోజులు: 3,520. అంటే నా 'చీప్' రూమ్ 10,020 పడింది! మలక్‌పేట స్టేషన్‌కి నడిచెళ్లే రూమ్ 9,000కే ఉంది. నాలుగో నెలలో అక్కడికి మారాను. ఆ తర్వాత మళ్లీ లేట్ మెయిల్ రాలేదు.

ఛత్రినాకని తక్కువ చేయట్లేదు. ఆఫీస్ చార్మినార్ వైపైతే అంతకన్నా మంచి ఏరియా లేదు. పైగా నడిచెళ్లే దూరంలో ఉప్పుగూడ ఎంఎంటీఎస్ ఉంది, ట్రైన్ టైమింగ్స్ మీకు కుదిరితే చాలు. నేను మెట్రో ధ్యాసలో పడి దాన్ని చూడనే లేదు.

అందుకే ఫ్రెండ్స్, ఒక సోమవారం పొద్దున రూమ్ నుంచి ఆఫీస్‌కి ట్రయల్ రన్ చేసి, అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి.